సోల్డరింగ్‌లో పట్టు, చూపు: పనిని కదలకుండా నిలపడానికీ స్పష్టంగా చూడడానికీ కొన్ని పద్ధతులు

సోల్డరింగ్, అంటే సోల్డరు అనే లోహాన్ని కరిగించి తీగలనూ విడిభాగాలనూ అతకడం, నేర్చుకోవాలని కూర్చున్నవారు మొదట అడిగేది ఐరన్ (సోల్డరును కరిగించే వేడి కడ్డీ) ఎన్ని వాట్లది ఉండాలి, ఏ కంపెనీది కొనాలి అని. అడగవలసిన ప్రశ్నే గాని, నేను చూసినంతలో కొత్తవారి అతుకులు చెడిపోవడానికి ఐరన్ కారణమయ్యేది తక్కువ. కుడిచేతిలో ఐరన్, ఎడమచేతిలో సోల్డరు తీగ పట్టుకున్నాక అతకవలసిన వస్తువును పట్టుకోవడానికి చేయి మిగలదు. సరిగా కనబడడం లేదని వంగితే తల నీడ వచ్చి అతుకు మీదే పడుతుంది. వస్తువు కదలకుండా ఉండి, కంటికి తేటగా కనబడితే మామూలు 25 వాట్ల సోల్డ్రాన్ కంపెనీ ఐరన్‌తోనే చక్కని అతుకు వేయవచ్చు. కాబట్టి చేతిలో కొద్దిపాటి డబ్బే ఉన్నప్పుడు దానిని ముందు పట్టుకునే సాధనాల మీద, వెలుతురు మీద ఖర్చు పెట్టి, మంచి సోల్డరింగ్ స్టేషన్‌ను (వేడిని సర్దుకోగల ఐరన్‌ను) తరువాత కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

కదలిక ఎందుకంత చేటు చేస్తుందో ముందుగా తెలుసుకోవాలి. 63 శాతం తగరం, 37 శాతం సీసం కలిసిన సోల్డరు 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, మళ్ళీ అక్కడే ఒక్కసారిగా గడ్డకడుతుంది. బజారులో తరచుగా దొరికే 60/40 రకం అలా కాదు; అది సుమారు 190 డిగ్రీల నుంచి 183కు దిగేలోగా కాసేపు ద్రవమూ ఘనమూ కాని ముద్దలా ఉంటుంది. ఆ దశలో తీగ వెంట్రుకవాసి కదిలినా లోపల సన్నని పగుళ్ళు పడతాయి, పైభాగం మెరుపు పోయి గరుకుదేరుతుంది. మెకానిక్కులు డ్రై సోల్డరు అని పిలిచే తెగులుకు ఒక ముఖ్యకారణం ఇదే. అటువంటి అతుకుతో పరికరం ఆ రోజుకు పనిచేస్తుంది. వేడెక్కి చల్లారినప్పుడల్లా పగులు పెరిగి, కొన్నాళ్ళకు తడితే వెలిగి, వదిలేస్తే ఆరిపోయే స్థితికి వస్తుంది. సీసం లేని సోల్డరు, అంటే 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరిగే రకం వాడేవారికి ఇంకొక చిక్కు ఉంది: అందులో మంచి అతుకు కూడా కొంత మసకగానే ఉంటుంది కనుక, కదిలి చెడిన దానిని చూపుతో పసిగట్టడం కష్టం. ఐరన్ తీశాక రెండు మూడు సెకన్ల పాటు వస్తువు రాయిలా ఉండాలి. ఎంత నిబ్బరమైన చేయి అయినా ఆ కాస్త సమయం పూర్తిగా నిశ్చలంగా ఉండలేదు. త్వరగా చల్లారుతుందని నోటితో ఊదడం కూడా మానుకోవలసిన అలవాటే.

ముందు పట్టు, తరువాత వేడి

కంసాలులు నగకు టంకం వేసేటప్పుడు ముక్కలను సన్నని ఇనుప తీగతో బిగించి, వెలిగారం పూసి, అంతా కుదిరాకే మంట తగిలిస్తారు. సోల్డరు పని పట్టి ఉంచడం కాదని, ముందే పట్టుకుని ఉన్నవాటిని కలపడమని ఆ వృత్తికి తరతరాలుగా తెలుసు. ఎలక్ట్రానిక్స్‌లోనూ ఇదే వర్తిస్తుంది. రెండు తీగలను కలిపేటప్పుడు వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి సోల్డరు కారబోయకుండా, ఒకదాని చుట్టూ మరొకటి నాలుగైదు చుట్లు గట్టిగా మెలిపెడితే వస్తువే తనను తాను పట్టుకుంటుంది. స్విచ్చు కాలికి తీగ వేయాలంటే దాని రంధ్రంలో తీగను దూర్చి, కొక్కెంలా వంచి, నోస్ ప్లయర్‌తో నొక్కితే ఇక వేరే పట్టుతో పని ఉండదు. సర్క్యూట్ బోర్డులో దూర్చిన రెసిస్టరు కాళ్ళను వెనుక వైపు దాదాపు 45 డిగ్రీలు బయటికి వంచితే, బోర్డును బోర్లించినా అది జారిపోదు.

చేతిని ఖాళీ చేసే ఉపాయాలలో అన్నిటికన్నా విలువైనది ముందే పూత వేయడం. తీగ కొనకూ, అది అతుక్కోవలసిన చోటుకూ విడివిడిగా సోల్డరు పూత వేసి ఉంచుకుంటే, కలిపేటప్పుడు సోల్డరు తీగ పట్టుకోవలసిన అవసరమే రాదు; ఒక చేతిలో ఐరన్, మరో చేతిలో వస్తువు ఉంటే చాలు. పూతల మీద కొద్దిగా ఫ్లక్స్ (లోహం మీది తుప్పు పొరను తొలగించి సోల్డరు పారేలా చేసే పదార్థం) రాసి ఐరన్ ఆనిస్తే రెండూ కరిగి ఒకటవుతాయి. కొత్తగా ఫ్లక్స్ రాయకపోతే మాత్రం పాత పూత పైపొర ఆక్సీకరణం చెంది ఉండి, సోల్డరు సరిగా పారక ముద్దకట్టే ప్రమాదం ఉంది.

బోర్డు మీద విడిభాగాలు వేసే వరుస కూడా పట్టుకు సంబంధించినదే. ఎత్తు తక్కువ ఉన్నవి ముందు వేయాలి: మొదట రెసిస్టర్లు, డయోడ్లు, తరువాత ఐసీ సాకెట్లు, ఆ తరువాత కెపాసిటర్లు, చివరగా కనెక్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల వంటివి. ఇలా చేస్తే బోర్డును బోర్లించినప్పుడు బల్లే ఆ భాగాలను కింది నుంచి నొక్కి పట్టుకుంటుంది. ఎత్తులు కలగలిసి ఉంటే, భాగాల మీద ఒక స్పాంజి ముక్క, దాని మీద ఒక అట్ట పెట్టి, గిన్నె మీద పళ్ళెం మూసి తిప్పినట్టుగా మొత్తాన్ని ఒకేసారి తిప్పి బల్ల మీద ఉంచవచ్చు. స్పాంజి అన్ని ఎత్తులకూ తగినట్టు అణిగి ప్రతి భాగాన్నీ బోర్డుకు ఆనించి ఉంచుతుంది. మామూలు ప్యాకింగ్ స్పాంజి స్థిరవిద్యుత్తును పుట్టిస్తుంది కనుక మాస్‌ఫెట్లు, మైక్రోకంట్రోలర్ల వంటి స్థిరవిద్యుత్తుకు చెడిపోయే భాగాలు ఉన్న బోర్డులకు ఐసీలతో పాటు వచ్చే నల్లని వాహక స్పాంజినే వాడాలి.

మూడో చేయి

దుకాణాలలో హెల్పింగ్ హ్యాండ్ పేరుతో అమ్మేది బరువైన ఇనుప దిమ్మ, దాని మీద అడ్డకడ్డీ, రెండు మొసలి క్లిప్పులు, ఒక భూతద్దం ఉన్న చిన్న సాధనం. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల ఇది సులభంగా దొరుకుతుంది. కొన్నది కొన్నట్టుగా వాడితే మాత్రం విసుగు పుట్టిస్తుంది. క్లిప్పు పళ్ళు తీగ తొడుగును కొరికేస్తాయి, బోర్డు మీది రాగి దారులను గీకుతాయి. పైగా ఆ లోహపు దవడ అతుకుకు దగ్గరగా ఉంటే ఐరన్ ఇచ్చే వేడిని తానే లాగేసుకుంటుంది. ప్రతి దవడకూ ఒక హీట్ ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్) గొట్టం ముక్క తొడిగి కుదిస్తే మొదటి ఇబ్బంది పోతుంది. అతుకు నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో తీగను పట్టిస్తే రెండోది తగ్గుతుంది. దిమ్మ ఒరిగిపోకుండా దానిని ఒక మందపాటి చెక్క పలకకు స్క్రూలతో బిగించాలి. దానితో వచ్చే భూతద్దం చాలావరకు పనికిరానిది. ఉండవలసిన చోట ఉండదు, ఐరన్ కదలికకు అడ్డం వస్తుంది. నేను దానిని మొదటి రోజే ఊడదీస్తాను.

ఇంతకన్నా మంచిదానిని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎర్తింగుకు వాడే 10 గేజి రాగి తీగను జానెడు పొడవున రెండు మూడు ముక్కలు చేసి, ఒక చెక్క దిమ్మలో బిగువుగా సరిపోయే రంధ్రాలు చేసి దిగగొట్టి, పై కొనలకు మొసలి క్లిప్పులు సోల్డరు చేస్తే సరిపోతుంది. ఆ తీగ చేతితో వంచితే వంగుతుంది, వదిలితే అక్కడే నిలుస్తుంది. దుకాణపు సాధనంలోని బాల్ జాయింట్లలా (గుండ్రని కీళ్ళలా) మర కాలక్రమంలో వదులయ్యే బాధ దీనికి లేదు. 

సర్జికల్ దుకాణాలలో దొరికే ఆర్టరీ ఫోర్సెప్స్ కూడా మంచి సాధనం. దాని పిడి దగ్గర ఉండే పళ్ళు ఒకదానిలో ఒకటి చిక్కుకుని నొక్కును అలాగే పట్టి ఉంచుతాయి. సున్నితమైన డయోడు కాలును బోర్డుకూ భాగానికీ మధ్య దీనితో పట్టుకుంటే అది వేడిని పీల్చుకుని డయోడును కాపాడుతుంది. క్లిప్పు దగ్గరగా ఉండడం దోషమని పైన చెప్పినది ఇక్కడ గుణమవుతుంది. అదీ లేకపోతే నోస్ ప్లయర్ పిడులకు రబ్బరు బ్యాండు చుట్టి బల్ల మీద పడుకోబెడితే చిన్న వైస్ సిద్ధమైనట్టే. బట్టలారేసే చెక్క క్లిప్పులు కూడా పనికివస్తాయి, ఎందుకంటే చెక్క వేడిని లాగదు, గీతలు పెట్టదు.

బోర్డులకు స్ప్రింగు పట్టాలున్న హోల్డరు మంచిదే. అయితే తరచుగా చేసే పనికి నాకు అన్నిటికన్నా నచ్చింది బోర్డు నాలుగు మూలల రంధ్రాలకు ఎం3 (3 మి.మీ. మర) ఇత్తడి స్పేసర్లను, అంటే పొట్టి కాళ్ళను, రెండు వైపులా బిగించడం. ఎటు తిప్పినా బోర్డు నాలుగు కాళ్ళ మీద సమంగా నిలుస్తుంది, కింద ఉన్న భాగాలకు ఒత్తిడి తగలదు, పని అయ్యాక పరీక్షించేటప్పుడు కూడా బల్ల మీది తీగ ముక్కలు తగిలి షార్టు కావు.

అంటించి పట్టుకోవలసి వస్తే మాస్కింగ్ టేపు కొద్దిసేపటి పనికి చాలు. ఐరన్ చాలా దగ్గరగా వచ్చే చోట పసుపురంగు పాలీఇమైడ్ టేపు, అంటే అందరూ కాప్టన్ అనేది వాడాలి. అది సోల్డరింగ్ వేడికి కరగదు. సెలో టేపు మాత్రం వద్దు, ముడుచుకుపోయి జిగురు వదులుతుంది. గోడకు కాగితాలు అంటించే బంక ముద్దతో కనెక్టరును బోర్డు మీద నిలబెట్టవచ్చు గాని, వేడెక్కితే అది మెత్తబడి జారుతుంది కనుక వేడి పిన్నులకు తగలనివ్వకూడదు.

పిన్నులు, ప్లగ్గులు

మాడ్యూళ్ళకు (చిన్న రెడీమేడ్ బోర్డులకు) హెడర్ పిన్నులు, అంటే వరుసగా నిలిచే పిన్నులు వేసేటప్పుడు పాత బ్రెడ్‌బోర్డును (సోల్డరు లేకుండా తీగలు గుచ్చే రంధ్రాల పలకను) అచ్చుగా వాడవచ్చు. 2.54 మి.మీ. ఎడం పిన్నులను పొడవు వైపు కిందికి ఉండేలా దానిలో గుచ్చి, పైన మాడ్యూల్‌ను కూర్చోబెడితే అన్నీ నిటారుగా నిలుస్తాయి. మొదట రెండు చివరి పిన్నులకు మాత్రమే సోల్డరు వేసి, పక్క నుంచి చూసి, వంకర ఉంటే వాటిని మళ్ళీ కరిగించి సరిచేసి, ఆ తరువాతే మిగిలినవి పూర్తిచేయాలి. పన్నెండు పిన్నులు వేశాక వంకర కనబడితే సరిచేయడానికి దారి ఉండదు. వేడికి బ్రెడ్‌బోర్డు ప్లాస్టిక్, స్ప్రింగులు దెబ్బతింటాయి కాబట్టి దీనికంటూ ఒకదానిని వేరుగా ఉంచుకోవాలి.

డీసీ జాక్, ఆడియో ప్లగ్గు, బ్యాటరీ కనెక్టరు వంటివాటికి అత్యుత్తమమైన పట్టు వాటి జతే. ఆడదానికి మగదానిని, మగదానికి ఆడదానిని గుచ్చి ఉంచి, ఆ జతను వైస్‌లో బిగించి పనిచేయాలి. పిన్ను వేడెక్కి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడినా, లోపల జత దానిని సరైన చోటే నిలిపి ఉంచుతుంది. లేకపోతే పిన్ను పక్కకు ఒరిగి ప్లగ్గు మళ్ళీ సాకెట్టులోకి దిగదు. ఒకే రకం ప్లగ్గులు పదిహేను ఇరవై చేయాలంటే, చెక్క ముక్కలో వాటి కొలతకు డ్రిల్లుతో రంధ్రం చేసి అందులో నిలబెట్టుకోవడం సుఖం. తీగను అతకడానికి ముందే ప్లగ్గు మూతను, హీట్ ష్రింక్ ముక్కను తీగకు ఎక్కించి దూరంగా జరిపి ఉంచారో లేదో ఒకసారి చూసుకోండి.

ఉపరితల భాగాలు: ఒక రెసిస్టరును దగ్గర నుంచి చూస్తే

కాళ్ళు రంధ్రాలలో దూర్చకుండా బోర్డు పైనే అతికే భాగాలలో 0805 సైజు రెసిస్టరు పొడవు 2 మి.మీ., వెడల్పు 1.25 మి.మీ. ఆవగింజంత ఉన్న ఆ వస్తువును ఏ క్లిప్పూ పట్టుకోలేదు కనుక, ఇక్కడ సోల్డరునే పట్టుగా వాడాలి. బోర్డును మాస్కింగ్ టేపుతో బల్లకు అంటించండి. రెండు ప్యాడ్లకూ (భాగం అతికే లోహపు చోట్లకు) ఫ్లక్స్ రాసి, కుడిచేతివాటం వారైతే కుడివైపు ప్యాడ్‌కు మాత్రమే కొద్దిగా సోల్డరు పెట్టండి. ఎడమచేతిలోని ట్వీజర్లతో రెసిస్టరును పట్టుకుని బోర్డు మీద ఆనించండి, ఎత్తి పట్టుకోకండి. ఇప్పుడు కుడి ప్యాడ్ మీది సోల్డరును కరిగించి, కరిగి ఉండగానే రెసిస్టరును బోర్డు వెంటే జరుపుతూ అందులోకి నెట్టండి. ఐరన్ తీయండి, ట్వీజర్లను తీయకండి. మనసులో మూడు లెక్కపెట్టాక వదలండి. పక్క నుంచి చూస్తే అది బోర్డుకు సమంగా ఆని ఉండాలి. ఒక చివర లేచి ఉంటే, దానిని వేలితో అదిమి సరిచేయబోకుండా మళ్ళీ కరిగించి సర్దండి, ఎందుకంటే రెసిస్టరు పింగాణీ లోపల పగిలితే బయటికి తెలియదు. సరిగా ఉంటే రెండో వైపు సోల్డరు వేసి, చివరగా మొదటి వైపుకు తిరిగి వచ్చి కొంచెం ఫ్లక్స్, కొత్త సోల్డరు తాకించండి. ఐసీలకూ ఇదే పద్ధతి, కాకపోతే ఎదురెదురు మూలల్లోని రెండు కాళ్ళను ముందు పట్టించాలి.

ఇందుకు వాడే ట్వీజర్లు అయస్కాంతానికి అంటుకోని స్టీలువి కావడం ముఖ్యం. ఈ చిన్న భాగాల చివరల్లో నికెల్ పొర ఉంటుంది కనుక, ట్వీజర్లకు ఏ మాత్రం అయస్కాంతత్వం పట్టినా భాగం వదలకుండా వాటితోనే లేచి వచ్చేస్తుంది. నొక్కితే తెరుచుకుని, వదిలితే పట్టుకునే తిరగేసిన రకం ట్వీజర్లు ఒక జత ఉంటే సన్న తీగలకు చాలా హాయి. పని కింద అంచులున్న తెల్లని ట్రే పెట్టుకుంటే ఎగిరిపడిన భాగం నేల మీదికి పోదు.

చేతుల విషయం మరువకూడదు. మోచేతులు, మణికట్లు బల్ల మీద ఆనాలి, చిటికెన వేలు బోర్డు అంచునో పక్కనున్న చెక్కనో తాకి ఉండాలి. సోల్డరు తీగను ఖాళీ బాల్‌పెన్ను గొట్టంలోంచి దూర్చి వాడితే కలంలా పట్టుకోవచ్చు, సీసం చేతికి అంటడం కూడా తగ్గుతుంది. ఎలాగూ పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

వెలుతురు ముందు, అద్దం తరువాత

కనబడడం లేదనగానే భూతద్దం కొనబోతారు. నిజానికి చాలామందికి కావలసింది వెలుతురు. గది మధ్య ట్యూబ్‌లైటు వీపు వెనుక ఉంటే నీడలోనే పనిచేస్తున్నట్టు లెక్క. బల్లకు రెండు పక్కలా ఒక్కో తెల్లని ఎల్‌ఈడీ దీపం పెట్టుకుంటే ఒకదాని నీడను మరొకటి చెరిపేస్తుంది. కరిగిన సోల్డరు అద్దంలా మెరుస్తుంది కనుక నేరుగా పడే కాంతి కళ్ళలో కొడుతుంది. దీపానికి ముందు ట్రేసింగ్ పేపరు అడ్డుపెడితే ఆ మెరుపు మెత్తబడి అతుకు ఆకారం తెలుస్తుంది. ఒకే పొర ఉన్న బోర్డులో రాగి దారి ఎటు పోతోందో తెలియకపోతే వెనుక నుంచి టార్చి వేసి చూడండి. ఐసీ మీద అరిగిపోయిన అక్షరాలకు సుద్దముక్క రుద్ది పైపైన తుడిచి, దీపాన్ని బాగా వంచి చూస్తే చాలాసార్లు చదవగలుగుతారు.

నలభై దాటాక వచ్చే చత్వారం అందరికీ తప్పదు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది: లెన్సు పవరుతో 100ను భాగిస్తే అది స్పష్టంగా చూపించే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. దూరపుచూపు బాగున్నవారికి +2 అద్దం 50 సెం.మీ. దగ్గర, +3 అద్దం దాదాపు 33 సెం.మీ. దగ్గర స్పష్టతనిస్తుంది. పుస్తకానికి రాయించుకున్న అద్దం సోల్డరింగ్ బల్లకు సరిపోకపోవడానికి కారణం ఇదే. మీరు కూర్చునే తీరులో కంటికీ బోర్డుకూ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, ఆ అంకె చెప్పి విడిగా ఒక జత చేయించుకోండి. కింది భాగంలో మాత్రమే దగ్గరిచూపు ఉన్న అద్దాలతో పనిచేస్తే గడ్డం పైకెత్తి చూడవలసి వచ్చి సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. దూరపుచూపుకు −3 అద్దం వాడేవారికి మరో వరం ఉంది: అద్దాలు తీసేస్తే చాలు, 33 సెం.మీ. దగ్గరి వస్తువు వారికి అద్దం లేకుండానే స్పష్టంగా కనబడుతుంది. అయితే కత్తిరించిన కాళ్ళు, చిట్లే ఫ్లక్స్ కంట్లో పడకుండా పవరు లేని రక్షణ అద్దాలు పెట్టుకోవాలి.

అది చాలనప్పుడు తలకు పెట్టుకునే భూతద్దం తీసుకోవాలి. రెండు కళ్ళతో చూస్తాం కనుక లోతు తెలుస్తుంది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. కొనేటప్పుడు పెద్ద అంకె చూసి మోసపోకూడదు. రెండు రెట్లు పెంచే అద్దం 25 సెం.మీ. దూరం నుంచి పనిచేయనిస్తే, మూడున్నర రెట్లది పది సెంటీమీటర్ల దగ్గరికి ముఖాన్ని లాక్కుపోతుంది, అక్కడ ఐరన్‌కే చోటుండదు. వాచీ రిపేరువారు కంటికి బిగించుకునే పది రెట్ల లూపును రెండున్నర సెంటీమీటర్ల దగ్గర పెట్టాలి; అది అతుకును పరీక్షించడానికి మాత్రమే. సోల్డరింగ్‌కు రెండు, రెండున్నర రెట్లు చాలు.

రోజూ సన్న కాళ్ళ ఐసీలతో పనిచేసేవారికి స్టీరియో మైక్రోస్కోపు (రెండు కళ్ళతో చూసేది) ఖర్చుకు తగినదే. దానికి 0.5 రెట్ల అదనపు లెన్సు తప్పక వేయించుకోవాలి. పెంపు సగమవుతుంది గాని కింద పనిచేసే ఖాళీ బాగా పెరుగుతుంది, పొగ మరకలు కూడా అసలు లెన్సుకు కాక దానికే అంటుతాయి. తక్కువ ధర యూఎస్‌బీ మైక్రోస్కోపులలో బొమ్మ కొంచెం ఆలస్యంగా తెరమీదికి వస్తుంది, లోతు తెలియదు. చేయి ఒకచోట, కన్ను ఒకచోట ఉండి ఐరన్ పక్క ప్యాడ్‌కు తగులుతుంది. పరీక్షకు అవి బాగానే ఉంటాయి. ఆ మాటకొస్తే ఫోను కెమెరాతో కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫొటో కూడా కంటికి చిక్కని షార్టును పట్టిస్తుంది.

భూతద్దంతో ముఖం దగ్గరైనకొద్దీ పొగ ముక్కులోకి పోతుంది. ఫ్లక్స్‌లోని రోజిన్ పొగ ఉబ్బసానికి దారితీయగలదు కనుక దీనిని తేలికగా తీసుకోవద్దు. సీలింగ్ ఫ్యాను వేసుకుంటే పొగ ముఖం చుట్టూ తిరుగుతుంది, ఐరన్ బిట్ (కొన) కూడా చల్లబడుతుంది. దానిని ఆపి, బోర్డుకు అవతల ఒక జానెడు దూరంలో 12 వోల్టుల కంప్యూటరు ఫ్యానును మన వైపు గాలి కొట్టకుండా, పొగను అటు లాగేలా పెట్టుకోవాలి.

పని ముగిశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో ఫ్లక్స్ కడిగి, ఆరాక చూడాలి. మెరిసే ఫ్లక్స్ పొర కింద పగులు దాగి ఉండవచ్చు. దీపాన్ని బల్లకు సమాంతరమనిపించేంత వంచి బోర్డును మెల్లగా తిప్పితే, మంచి అతుకు మీద కాంతి పిన్ను చుట్టూ సాఫీగా జారుతుంది, పగిలిన దాని మీద పిన్ను చుట్టూ సన్నని నల్లని వలయం కనబడుతుంది. ఆ వలయం ఉన్నచోట కొంచెం ఫ్లక్స్ వేసి మళ్ళీ కరిగించండి. ఆ తరువాత, స్టాండు మీది భూతద్దానికి ఒక గుడ్డ కప్పండి. కిటికీ పక్కనున్న నా బల్ల మీద అద్దాన్ని తెరిచి వదిలేసిన ఒక ఉదయం పడిన కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ చోట కాగితాల కట్ట ఉండి ఉంటే అంటుకునేది.